ఒప్పుకున్న పెళ్ళికి వాయించక తప్పదు: ఈ సామెతలో ఉన్నది విసుగేనా?

ఈ సామెత ఇప్పుడు మన నోట ఎప్పుడు వస్తుందో గమనించారా? శనివారం కూడా ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఇష్టం లేని పని నెత్తిన పడినప్పుడు, ఒక నిట్టూర్పు విడిచి "ఏం చేస్తాం, ఒప్పుకున్న పెళ్ళికి వాయించక తప్పదుగా" అంటాం. మొన్న మన ఆన్‌లైన్ గుంపులో ఒకరు దీనికి "ఇరుక్కుపోయాను" అని అర్థం రాశారు. వాడుకలో అంతే, కాదనను. కానీ సామెత పుట్టిన పందిట్లోకి వెళ్లి వింటే నాకు ఆ విసుగు వినపడదు.

పెళ్లి మేళం సంగతే చూడండి. ముహూర్తాలు ఏడాది పొడుగునా ఉండవు. మూఢాలు, శూన్యమాసాలు పోను మిగిలిన రోజుల్లోనే ఊరూరా పెళ్లిళ్లు. మంచి ముహూర్తం ఉన్న రోజు సన్నాయి, డోలు వాయించేవాళ్లు ఒక్కరూ ఖాళీగా దొరకరు. బయానా పుచ్చుకుని వస్తామన్న మేళం ఆ రాత్రి రాకపోతే ఆడపిల్ల తండ్రి ఎవరి గడప తొక్కాలి? పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అనగానే డోలు మోగాలి. తాళి కట్టేశాక ఎంత గొప్పగా వాయించినా ఆ క్షణం తిరిగి రాదు. ఈలోగా పక్క ఊరివాళ్లు రెట్టింపు ఇస్తామన్నా, ఒంట్లో నలతగా ఉన్నా, ఒప్పుకున్న పెళ్లి ఒప్పుకున్నదే. డోలు భుజాన వేసుకుని బయల్దేరుతున్న మనిషి ఇంట్లోవాళ్లతో అన్న మాటగా దీన్ని చదివి చూడండి. అందులో వృత్తి మర్యాద ఎంత ఉందో తెలుస్తుంది.

ఇక మాటల్లోకి వస్తే, ఒప్పు, తప్పు రెండూ ఒకే సామెతలో ఉన్నాయి. తప్పడమంటే ఉండాల్సిన చోటి నుంచి జారిపోవడం. దారి తప్పాడు, గురి తప్పింది, పరీక్ష తప్పాడు, మాట తప్పాడు. ఫోన్లో రోజుకు పదిసార్లు "తప్పకుండా" అంటాం. ఎక్కడికీ జారను అని పదిసార్లు మాట ఇస్తున్నామన్నమాట.

ఒప్పుకోవడం నాకు ఇంకా ఇష్టమైన మాట. పని ఒప్పుకుంటాం, తప్పూ ఒప్పుకుంటాం. రెండింటికీ ఒకటే క్రియ. కన్నడంలో ఒప్పికొ, తమిళంలో ఒప్పుక్కొళ్ అనే మాటలకూ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ఒప్పందం మూడు భాషల్లోనూ ఉంది. బడిలో పంతులుగారి ముందు చేతులు కట్టుకుని పాఠం ఒప్పజెప్పడం, తెలంగాణలో పెళ్లి చివర జరిగే ఒప్పగింతలు, అన్నీ ఈ ఇంటివే.

ఈ రెండు అర్థాలు ఒకటేనని నాకు నిఘంటువు చెప్పలేదు. ఇరవై ఏళ్ల కిందట ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఒక శుభలేఖలో "శుక్రవారం రాత్రి 2.14 గంటలకు" అని ఉంది, పక్కన ఉండాల్సిన "తెల్లవారితే శనివారం" లేదు. ఆ రెండు మాటలు లేకపోతే సగంమంది చుట్టాలు గురువారం రాత్రే దిగిపోతారు. ఐదు వందల కార్డులు అచ్చయిపోయాయి. పెళ్లికూతురి తండ్రి కట్ట విప్పి, మొదటి కార్డు చదివి, మాట్లాడకుండా నా ముందు పెట్టారు. "కంపోజింగ్‌లో ఎగిరిపోయిందండీ" అన్నాను.

ప్రెస్సు యజమానిని మేమంతా బాబాయిగారు అనేవాళ్లం. ఆయన లోపలికి వెళ్లి ప్రూఫు కాగితం తెచ్చి బల్ల మీద పరిచారు. దాంట్లోనూ ఆ మాటలు లేవు. కింద నా పొడి సంతకం ఉంది. "చూస్తానని ఒప్పుకున్నది నువ్వు. ఇదీ నువ్వే ఒప్పుకోవాలి" అన్నారు. గొంతు పెంచలేదు.

"నా కళ్లు దాటిపోయిందండీ" అన్నాను. బాబాయిగారు ఇంకా నావైపే చూస్తున్నారు. అప్పుడు అన్నాను: "నేను సరిగ్గా చూడలేదండీ."

పెళ్లికూతురి తండ్రి కాసేపాగి, "పొద్దున్నే మొదటి బస్సుకు పంచడానికి బయల్దేరాలి బాబూ" అన్నారు. ఐదింటికల్లా మీ ఇంటికి తెచ్చి ఇస్తానన్నాను. రాత్రంతా మెషీన్ దగ్గరే కూర్చుని, ఈసారి అక్షరం అక్షరం చూసి, తీసుకెళ్లాను. వాళ్ల వాకిట్లో కళ్లాపి తడి ఇంకా ఆరలేదు.

ఎగిరిపోయింది, దాటిపోయింది, ఆలస్యమైంది, పొరపాటు జరిగింది. తెలుగులో చేసినవాడు కనపడకుండా పని చెప్పడం చాలా తేలిక. రైల్వే స్టేషన్ మైకులో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వస్తుంది. "మేము కలిగించిన" అనరు. ఒక మిత్రుడు ఇది మన భాషకున్న వినయం అన్నారు. మంచి పని విషయంలో ఒప్పుకుంటాను. "నేనే పెళ్లి చేశాను" అనే చోట "మీ దయవల్ల పిల్ల పెళ్లి అయింది" అనే మనిషిని చూస్తే గౌరవం కలుగుతుంది. ఘనత దగ్గర "నేను" తప్పుకోవడం వినయమే. నష్టం దగ్గర కూడా తప్పుకుంటే, ఆ నష్టం మోసే మనిషి ఎదురుగా నిలబడే ఉన్నాడు కదా!

అసలు ఈ తప్పుకోవడం పొరపాటు రోజున మొదలవదని నా నమ్మకం. మాట ఇచ్చే రోజునే మొదలవుతుంది. "సాయంత్రానికి అవుతుందా?" అని అడిగితే "అయిపోతుందండీ" అంటాం. ఎవరు చేస్తే అవుతుంది? ఆ వాక్యంలో మనిషే లేడు. అలా ఇచ్చిన మాట తప్పినప్పుడు "అవలేదండీ" అనడం ఎంత సులువు! "సాయంత్రం ఆరింటికి నేను ఇస్తాను" అన్నవాడు మాత్రం ఆరింటికి ఇస్తాడు, లేదా "నేను ఇవ్వలేకపోతున్నాను" అని మధ్యాహ్నమే ఫోన్ చేస్తాడు. "చూద్దాం లెండి" అన్నవాణ్ణి నేను తప్పు పట్టను. అది మాట ఇవ్వడం కాదని ఇద్దరికీ తెలుసు.

ఇచ్చిన మాట అనగానే బలిచక్రవర్తి గుర్తొస్తాడు. పోతన ఆయన చేత "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" (నా నాలుక మాట తిరగదు) అనిపించాడు. ఆ "నాదు" మీద కాస్త ఆగి చదవండి.

సన్నాయి, డోలు కుటుంబాలవాళ్లు గుంపులో ఉంటే మీ ఇళ్లలో ఈ సామెతను ఏ సందర్భంలో అనేవారో రాయండి. బయానాను సంచకారం అనే ఊళ్లు ఇంకా ఉంటే అదీ చెప్పండి.