బీఎస్సీ అయ్యాక స్పెషల్ బీఈడీ (వైకల్యమున్న పిల్లలకి చదువు చెప్పే టీచరు కోర్సు) చేద్దామనుకుంటున్నా, ఇంట్లో వద్దంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి

పలాస పిల్ల:
అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె, బీఎస్సీ ఫైనలియర్. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదటిదాన్ని. నాన్న సెంట్రింగ్ పనికి చెన్నై వెళ్లొస్తుంటారు, అమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. పక్కింటి బాబుకి తొమ్మిదేళ్లు, మాటలు రావు. వాళ్లమ్మ పనికెళ్లేటప్పుడు మా ఇంట్లో వదిలేది. పోయిన వేసవంతా వాడితో ఉన్నా, నీళ్లు కావాలంటే గ్లాసు తెచ్చి చూపించడం నేర్చుకున్నాడు. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్ మేడం అది చూసి స్పెషల్ బీఈడీ చెయ్యమన్నారు. నాన్నేమో మామూలు బీఈడీ చెయ్యి, ఆ పిల్లల టీచరంటే పెళ్లి కూడా అవ్వదంటున్నారు. ఉద్యోగాలు ఉంటాయా? ఏ కోర్సు, ఎక్కడ చేరాలి? అడగడానికి ఇంట్లో చదువుకున్నవాళ్లెవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

చీపురుపల్లి తమ్ముడు:
చెల్లీ, ముందు నా తప్పు విను. తెలిసినాయన చెప్పాడని ఒక కాలేజీలో కట్టేశాను, సగం ఏడాది గడిచాక తెలిసింది ఆ కోర్సుకి ఆర్సీఐ అనుమతి లేదని. ఫీజు పోయింది, ఏడాది పోయింది, మా నాన్నకి చెప్పడానికి నెల పట్టింది. ఆర్సీఐ అంటే భారత పునరావాస మండలి, 1992 చట్టంతో చట్టబద్ధ సంస్థ అయింది. ఈ కోర్సులకి అనుమతి వాళ్లే ఇస్తారు, కోర్సు అయ్యాక వాళ్ల కేంద్ర రిజిస్టర్‌లో పేరెక్కి సీఆర్‌ఆర్ నంబరు వస్తేనే నువ్వు స్పెషల్ ఎడ్యుకేటర్‌వి. అది లేకపోతే పట్టా గోడకి తగిలించుకోవడానికే. ఆర్సీఐ సైట్‌లో కాలేజీ పేరు, కోర్సు పేరు, ఏ ఏడాది వరకు అనుమతి ఉందో మూడూ చూసుకున్నాకే రూపాయి కట్టు. ఏజెంటు మాట నమ్మకు, అతను మీ బంధువైనా సరే.

విజయనగరం వాసి:
మామూలు బీఈడీయే సేఫ్ కదండీ, డీఎస్సీ పడితే పోస్టులు ఎక్కువ.

భవిత అక్క:
పోస్టులు ఎక్కువే, పోటీ కూడా అంతే కదండీ. ఇటువైపు పరిస్థితి కొంచెం మారింది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక స్పెషల్ టీచరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు మంజూరయ్యాయి, 1,136 ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకి), 1,124 స్కూల్ అసిస్టెంట్ (పై తరగతులకి). టెట్‌లో కూడా మనకి వేరే పేపర్లు, 1బి, 2బి. అలాగని చదువు అవ్వగానే ఉద్యోగం చేతికొచ్చేస్తుందని నేను చెప్పను. నేను పదకొండేళ్లుగా కాంట్రాక్టులోనే ఉన్నా, జీతం రెండు మూడు నెలలు ఆగిన రోజులున్నాయి, అప్పుడు మా ఆయన సంపాదన మీదే ఇల్లు నడిచింది. మీ ఇంట్లో నీ జీతం వెంటనే కావాలంటే ఈ లెక్క ముందే వేసుకో చెల్లీ.

కోర్సు సంగతి. ఇంటర్‌తో అయితే డీఈడీ స్పెషల్. నీకు డిగ్రీ అయిపోతుంది కాబట్టి ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) రాసి బీఈడీ స్పెషల్‌కి వెళ్లు, రెండేళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా లేదా అన్నది చేరబోయే కాలేజీలో రాతపూర్వకంగా అడుగు. సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, బుద్ధి మాంద్యం ఉన్న పిల్లల చదువుకి దానికి మంచి పేరు. కానీ ఇల్లు వదిలి అంత దూరం ఉండగలవో లేదో నువ్వే చూసుకోవాలి.

పలాస పిల్ల:
థాంక్యూ అక్కా. స్పెషలైజేషన్ అంటున్నారు, అది ఎలా ఎంచుకోవాలి?

భవిత అక్క:
వినికిడి, చూపు, బుద్ధి మాంద్యం, ఆటిజం, ఇలా దేనికది వేరు. వినికిడి తీసుకుంటే సైగల భాష రావాలి, చూపు తీసుకుంటే బ్రెయిలీ. సీటు ఎందులో దొరికితే అందులో చేరిపోయేవాళ్లే ఎక్కువ, తర్వాత ఏడుస్తారు. నువ్వు మాత్రం చేరకముందే పది రోజులు మా దగ్గరికో, మీ మండలంలో సెంటర్‌కో వచ్చి కూర్చో. గ్లాసు తెచ్చినప్పటి సంతోషం ఒకటి, రోజూ చేసే పని ఒకటి. మా దగ్గర ఒక గుంటడికి చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పడానికి రెండు నెలలు పట్టింది. మొదట అంతా నేనే పెట్టి, కన్నంలోంచి సగం బయటికొచ్చిన గుండీని లాగడం ఒక్కటే వాడికి వదిలేదాన్ని. అది వచ్చాక దాని ముందు మెట్టు, అలా వెనక నుంచి ముందుకి. మధ్యలో జ్వరమొచ్చి వారం రాలేదు, మళ్లీ మొదటికి. ఇంకోడు ఐదు లెక్కపెట్టమంటే నాలుగు చింతపిక్కలు పెట్టి నా మొహం చూస్తాడు, నేను నవ్వితే సరిపోయిందనుకుంటాడు, అందుకని నవ్వకుండా కూర్చోవడం నేర్చుకున్నా. (లెక్కలకి జీడిపిక్కలు మాత్రం వాడకు, జీడి అంటితే పిల్లల చేతులు పొక్కుతాయి, మీ అమ్మని అడుగు.) లేవలేని పిల్లలకైతే ఇంటికే వెళ్లి చెప్పాలి, ఎండలో ఆటో దిగి నడవాలి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువీకరణ పత్రం) కోసం తిరిగే తల్లిదండ్రులు కాగితాలన్నీ మన ముందే పరుస్తారు. ఇవన్నీ చూసి కూడా రేపు మళ్లీ రావాలనిపిస్తే అప్పుడు ఎడ్‌సెట్‌కి కట్టు.

రిటైర్డ్ మాస్టారు, బొబ్బిలి:
అమ్మా, నాన్నగారితో వాదించకు. పెళ్లి మాట భయంతో అన్నది, ఊళ్లో నలుగురూ ఏమంటారో అని. చెన్నై నుంచి వచ్చినప్పుడు ఆయన్ని ఒక పూట భవితకి తీసుకెళ్లు. ఆయన అడగబోయేది జీతం ఎంత, ప్రభుత్వ ఉద్యోగమా కాదా అనే. ఆ మేడం చేతే చెప్పించు, నువ్వు చెబితే కూతురి మాట, ఆవిడ చెబితే టీచరు మాట. కాంట్రాక్టు సంగతి మాత్రం దాచకు, తర్వాత తెలిస్తే నీ మీద నమ్మకం పోతుంది. ఇంకోటి, ఈలోపు డిగ్రీ మార్కులు తగ్గనివ్వకు, ఎడ్‌సెట్ అర్హతకి 50 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40.

పలాస పిల్ల:
మాస్టారూ, నాన్న సంక్రాంతికి వస్తారు, అప్పటిదాకా ఆగాలా? అక్కా, మా మండలం సెంటర్ మేడం ఫోన్‌లో సరే అన్నారు, ఏ రోజు వెళ్తే బాగుంటుంది?

భవిత అక్క:
ఆగకు, నువ్వు ముందు వెళ్లిరా. ఫిజియోథెరపీ డాక్టరు వచ్చే రోజు ఏదో కనుక్కుని ఆ రోజు వెళ్లు, ఆ రోజు తల్లులందరూ వస్తారు. కాటన్ డ్రెస్ వేసుకో, చున్నీ పిన్ను పెట్టుకో, పిల్లలు లాగుతారు. ఫోన్ బ్యాగులోనే ఉంచు. పక్కింటి బాబుని కూడా వెంట తీసుకెళ్లు, వాడి పేరు అక్కడ ఉందో లేదో అదీ తేలుతుంది.