సమస్యాపూరణం: ఇల్లు లేనివాఁడె యిచ్చె నిల్లు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి, చిక్కుగా కనిపించే ఈ పాదానికి అర్థం కుదర్చాలి:

ఇల్లు లేనివాఁడె యిచ్చె నిల్లు

సినిమా నటుడు చిత్తూరు నాగయ్య గారికి అన్వయించి పూరించండి. 1943లో పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమనగా కనిపించి, తెలుగువాళ్ల కళ్లలో ఆ ముగ్గురికీ తన ముఖాన్నే ఇచ్చిన మనిషి. ‘త్యాగయ్య’కు దర్శకుడూ ఆయనే. ఎందరికో పెట్టిన ఆ చేతికి చివరి రోజుల్లో డబ్బు కరువైంది. ‘ఇల్లు లేనివాఁడు’ అన్నది మాత్రం సమస్య కోసం పెట్టిన మాట, చరిత్రగా తీసుకోకండి.

మొదటి పూరణ

త్యాగరాజు పాత్ర దాల్చి తా మెప్పించి
తెచ్చుకొన్నదెల్ల తీసి పంచె
చేయి చాఁచువారిఁ జేరఁదీసె నెపుడు
ఇల్లు లేనివాఁడె యిచ్చె నిల్లు

— తమ్ముడూ, నడక హాయిగా ఉంది. యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ ఉండాల్సిన జతలన్నీ, సరిపోయాయి. కానీ ముడి విడలేదు. డబ్బు పంచాడన్నావు, బాగుంది. మరి ఇల్లెక్కడిది? మూడు పాదాలు ఒక దారిలో నడిచాక నాలుగోది తెచ్చి అతికించినట్టుంది.

రెండో పూరణ

గోలకొండ చెఱనుఁ గుందు గోపన్నయె
రామచంద్రునకును రమ్యమైన
గుడినిఁ గట్టినాఁడు కోరి భద్రాద్రిని
ఇల్లు లేనివాఁడె యిచ్చె నిల్లు

— శభాష్! చెరసాలలో ఉన్నవాడికి ఇల్లేది? ఆయన దేవుడికిచ్చిన ఇల్లు గుడి. విరుపు చక్కగా కుదిరింది. 1964లో ‘భక్త రామదాసు’ తీసి, తానే రామదాసుగా నటించారు కాబట్టి నాగయ్య గారికి దారి ఉంది. అయితే ఆ దారి మనం చెబితేనే తెలుస్తోంది. పద్యంలో ఆయన జాడ ఒక్క మాటైనా ఉంటే నిండుగా ఉండేది.

మూడో పూరణ

గురువు గారూ, కరెంటు బిల్లు వెనకాల గురులఘువులు వేసుకుంటూ రాశాను. మొదటి పాదం దగ్గరే టెన్షన్.

నటుఁడు గాయకుండు దర్శకుఁ డాయన
దాఁచలేదు డబ్బు దాత గాన
చూచినంతసేపు సొంతమై తోఁచును
ఇల్లు లేనివాఁడె యిచ్చె నిల్లు

— అమ్మా, నీ అనుమానం నిజమే. ‘న’కు ‘ద’ యతి చెల్లదు, దానికి బదులు రెండో అక్షరాలు జత కుదిరే ప్రాసయతీ లేదు. అంతకన్నా పెద్ద లోటు, మూడో పాదంలో ‘సొంతమై తోఁచును’ అన్నావు, ఏది తోస్తుందో చెప్పలేదు. నాలుగో గణానికి నకారంతో మొదలయ్యే మాట వెతుకు. 1953లో ఆయన దర్శకత్వం వహించిన సినిమా పేరు గుర్తు తెచ్చుకో.

— అయ్యో, పేరు నోటి దగ్గరే ఉంది గురువు గారూ!

నటుఁడు గాయకుండు ‘నా యిల్లు’ తీసెను

— అదీ! ‘నా యిల్లు’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ‘తీసెను’ భగణం (ఒక గురువు, రెండు లఘువులు), యతి నిలిచింది. యతి కోసం వెతికిన మాటే సమస్యనూ విప్పేసింది చూడు. ఆయన ‘నా’ అన్న ఇంటిని, చూసినంతసేపు ప్రేక్షకుడు ‘నాది’ అనుకుంటాడు. నాకు ఈ వారం పూరణల్లో ఇదే ఎక్కువ నచ్చింది.

— మూడో పాదం చివర ‘తోఁచును’ తర్వాత ‘ఇల్లు’ అంటే విసంధి (కలపాల్సిన చోట సంధి కలపకపోవడం) కాదా?

— వాక్యం అక్కడ ముగిసింది కదా, దోషం లేదు. ఇప్పుడు నాలుగు పాదాలూ కలిపి ఒకసారి పైకి చదివి చూడమ్మా.