సమస్య: “మంత్రి యున్నవాఁడు మట్టి గఱచె”

నిర్వాహకుడు: ఆదివారం మా వరండాలో పదేళ్ల మేనల్లుడు మామయ్యగారిని చదరంగంలో ఓడించాడు. ఆయన దగ్గర మంత్రి, ఏనుగు. వాడి దగ్గర రెండు బంట్లు. గడియారంలో ఆయన వైపు సున్నా. అప్పటినుంచి ఈ పాదం నోట్లో ఆడుతోంది. టైము పెట్టుకుని సరదాగా ఆడే చదరంగం మీదే పూరించండి. రాజుల కథలు వద్దు.

గోదారిగట్టు:
ఐదు నిముషములకు నాట పెట్టినవేళ
చివరి గడికి బంటు చేరి మంత్రి
యైన మురిసి మీట నదుమ మఱచిపోయె
మంత్రి యున్నవాఁడు మట్టి గఱచె

పాలపిట్ట: “మురిసి” దగ్గరే పద్యం నిలబడింది బాబాయిగారూ! ఎత్తు వేశాక గడియారం మీట నొక్కకపోతే కరిగేది మన టైమే. మా నాన్న కుడిచేత్తో పావు జరిపి, మీట మీద ఆనించి ఉంచిన ఎడమచేత్తో టక్కున నొక్కేవారు. జరిపిన చేత్తోనే నొక్కాలని ఎంత పోట్లాడేదాన్నో.

శకటు:
ఒంటి రాజు మిగిలె నొక్క మూలను నక్కి
తఱుమువాని టైము తరిగిపోయె
సున్న పడెను తెరను చూడఁగా నయ్యయో
మంత్రి యున్నవాఁడు మట్టి గఱచె

గోదారిగట్టు: ధార బాగుంది, ఆటే తప్పింది. ఒంటి రాజుతో ఎవరూ ఆటకట్టు చెప్పలేరు, కాబట్టి అవతలివాడి టైము అయిపోయినా అది డ్రాయే. “ఒంటి బంటు” అనండి, గణాలు చెదరవు, గెలుపూ దక్కుతుంది. పోయిన నెల మీ పద్యంలో ఏనుగు వాలుగా నడిచినప్పుడు కూడా నేనే చెప్పాను.

శకటు: బంటుకు ఒప్పుకున్నాను. ఏనుగుకు ఒప్పుకోను. అది గజేంద్రుడండీ, గళ్ల మీద ఏనుగు కాదు!

పాలపిట్ట:
ఎత్తు కింత యనుచు కలిపెడి సెకనులు
లేని పాత ముల్లు లెక్కలోన
రెండు సెకను లున్న రెండెత్తులకె కట్టు
మంత్రి యున్నవాఁడు మట్టి గఱచె

శకటు: మొదటి పాదంలో యతి పోయిందమ్మా. “ఎ”కి “క” కుదరదు. “కలిపెడి” బదులు “నిచ్చెడి” అంటే సరి. మూడో పాదం మాత్రం ఈ పూరణలకే తలమానికం. రెండు సెకన్ల ఆశ ఎంత బాధో ఆడినవాళ్లకే తెలుసు. ఆ బాధకు మందుగానే మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1988లో ఎత్తెత్తుకూ టైము కలిపే గడియారానికి పేటెంట్ అడిగాడు, 1992లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో దాని మీదే ఆడాడు. మన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ (వేగపు చదరంగం) పోటీ గెలిచింది కూడా 15 నిమిషాలకు ఎత్తుకు 10 సెకన్లు కలిపే ఆటలోనే.

పాలపిట్ట: “నిచ్చెడి” దిద్దుకున్నాను, ధన్యవాదాలు.

నిర్వాహకుడు: “టైము” పద్యంలో ఉండనివ్వండి. ఇంట్లో ఎవరూ “కాలము ముగిసె” అని అరవరు. ఈ ఆదివారం మామయ్యగారికి 10 నిమిషాలు, పిల్లాడికి 3 పెడుతున్నాను. అప్పుడే ఇద్దరికీ టెన్షన్ సమానం.

గోదారిగట్టు: గజేంద్రుడైతే గళ్లెందుకు లెక్కపెట్టాడు శకటుగారూ? ఆ పద్యం వెతికి రేపు పెడతాను.