ఫేర్‌వెల్ వీడియోకి పాట కావాలి, కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. బ్యాచ్ ఫేర్‌వెల్ వీడియో ఎడిటింగ్ నాకు అప్పగించారు. క్లిప్పులకు కొదవ లేదు: ప్రకాశం బ్యారేజీ దగ్గర బైకులు ఆపి దిగిన సెల్ఫీలు, క్యాంటీన్లో ఒక్క ప్లేటు పునుగుల మీద ఒకేసారి పడ్డ ఆరు చేతులు, పక్కవాడి రికార్డు చూసి రాసుకుంటున్న మా టాపర్. పాట దగ్గరే ఆగిపోయాను.

సీనియర్లంతా 'ప్రేమదేశం'లో ముస్తఫా పాటో, 'హ్యాపీ డేస్' పాటలో పెట్టేశారు. మొదటిది 1996 నాటిది, రెండోది 2007లో వచ్చింది. అప్పటికి మేం పలకా బలపం కూడా పట్టలేదు. అయినా ఆ ట్యూన్ మొదలైతే చాలు, నాలుగేళ్లూ లాస్ట్ బెంచీలో నిద్రపోయినవాడు కూడా కళ్లు తుడుచుకుంటాడు. మనం చూడని రోజుల మీద ఇంత బెంగ ఎలా వస్తుందో!

2015 తర్వాత వచ్చిన తెలుగు పాటల్లో ప్రేమ గొడవ లేకుండా, స్నేహితులు విడిపోవడం మీద ఉన్నవి చెప్తారా? మూడు నిమిషాల్లో ముగించాలి. లేదంటే పాత పాటే ఉంచి, మధ్యలో మా క్యాంటీన్ అన్న మాటలు కలపనా? "రేపట్నుంచి ఎవరికి అప్పు పెట్టాల్రా?" అని ఆయన అడిగింది రికార్డయింది. మీరైతే ఏం చేస్తారు?