లేబుల్ లేని పాత ఆర్చ్‌టాప్ గిటార్: ఎవరి తయారీ? మెడ ఊడదీయాల్సిందేనా?

వారసత్వంగా వచ్చిన ఆర్చ్‌టాప్, అంటే పైపలక ఉబ్బెత్తుగా ఉండే గిటార్. హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే భాగం) మీద పేరు లేదు, లోపల లేబుల్ పోయి జిగురు మరక మిగిలింది. కింది భాగం వెడల్పు 16 అంగుళాలు, స్కేలు (తీగ మోగే పొడవు) 642 మి.మీ. షికాగో హార్మొనీ కంపెనీ పాత గిటార్లు చాలావాటిలో లోపల ఎఫ్ లేదా ఎస్ అక్షరం పక్కన ఏడాది అంకెల ముద్ర ఉంటుంది. చిన్న అద్దంతో వెతికినా ఇందులో కనబడలేదు. ఇంకెక్కడ చూడాలి?

పైపలకలోని ఎఫ్ ఆకారపు రంధ్రం అంచున పొరలు లేవు, కాబట్టి పైపలక ప్లైవుడ్ కాదు. అంతమాత్రాన చెక్కిందని అనలేం. ఒకే పలకను వేడితో నొక్కి వంచినవీ ఉన్నాయి. చెక్కినదైతే మందం చోటుచోటుకీ మారాలి. మందం కొలిచే అయస్కాంతపు గేజ్ లేకుండా తేల్చే దారి ఉందా?

అసలు చిక్కు మెడది. బ్రిడ్జి (పైపలక మీద తీగలను మోసే దిమ్మ) పూర్తిగా దించినా 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర లావు తీగ ఎత్తు 4.5 మి.మీ. మెడ వంపు 0.2 మి.మీ. మాత్రమే, అంటే తప్పు వంపుది కాదు, కోణానిది. మెడ మడమ (మెడ ఒంటికి అతికే చోటు) కింద సందులో కాగితం దూరుతోంది. ఆ సందులో ఎవరో గట్టిగా మెరిసే జిగురు పోశారు. పాత జంతు జిగురైతే ఆవిరికి వదులుతుంది. ఎపాక్సీ (రసాయన జిగురు) అయితే డవ్‌టెయిల్ (మెడను ఒంటికి బిగించే చెక్క గాడి కీలు) చీలకుండా ఎలా తీయాలి? ఆవిరికి లక్క పూత తెల్లబడకుండా ఏం కప్పుతారు?

పైపలకకు గీతలు పడకుండా ఉండే సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిక్‌గార్డ్ పొడిపొడిగా రాలుతోంది, పక్కనున్న స్క్రూలు ఆకుపచ్చగా మారాయి. దాని ఆవిర్లు మిగతా లోహాన్నీ తినేస్తాయని విడిగా తీసి పెట్టాను. మళ్లీ పాలిష్ వేయించే ఉద్దేశం మాత్రం లేదు.