ప్రోటోటైప్ కమిటీకి నచ్చింది, "దీన్నే లైవ్ చేసేయండి" అంటున్నారు. తిరగరాయాలా, ఇదే బాగుచేయాలా?

హెచ్ఎస్ఆర్_బ్యాకెండ్ (ప్రశ్న):
బెంగళూరులో ఓ పెద్ద అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి వాటర్ ట్యాంకర్ల లెక్క చూసే వెబ్ యాప్. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు వెండరు పేరు, బండి నంబరు, కెపాసిటీ (6,000 లేదా 12,000 లీటర్లు) కొడతాడు. నెలాఖర్న ట్రెజరర్ దాన్ని వెండరు బిల్లుతో సరిచూసుకుంటారు. స్క్రీన్లు రియాక్ట్‌లో, సర్వర్ కోడ్ ఫ్లాస్క్ (పైథాన్)లో, డేటాబేస్ ఎస్‌క్యూలైట్. లాగిన్ లేదు, రేట్లు కోడ్‌లోనే ఉన్నాయి, ఫ్లాట్ల వాళ్లకు "ఎస్ఎంఎస్ వెళ్లింది" అన్నది ఒట్టి పాపప్. డెమో చూసిన కమిటీ వచ్చే ఒకటో తారీఖు నుంచి వాడేద్దామంటోంది. చేసేవాళ్లం ఇద్దరం. మొత్తం తిరగరాయాలా, ఇందులోనే లోపాలు సరిచేసుకుంటూ పోవచ్చా? కమిటీకి ఏమని చెప్పాలి?

స్కీమా_పిచ్చి:
మొత్తానికి కలిపి అడిగితే తేలదండి, విడదీసి చూడాలి. ఈ ప్రోటోటైప్ ఏ సందేహం తీర్చడానికి కట్టారు? గార్డు ఎంట్రీ కొట్టగలడా, ట్రెజరర్‌కి ఆ రిపోర్టు సరిపోతుందా అనేగా. ఆ రెండూ తేలితే స్క్రీన్ల వరస ఉంచుకోండి. డేటా మోడల్ (టేబుళ్ల అమరిక) గురించి మీరు దాన్ని ఏమీ అడగలేదు, అది ఏమీ చెప్పలేదు. టేబుళ్లు మాత్రం కొత్తగా గీయండి.

అన్నిటికన్నా ముందు రేటు. కోడ్‌లో ఒకే అంకె ఉంటే, వెండరు రేటు పెంచిన రోజున దాన్ని మారుస్తారు. అంతే, పోయిన నెల రిపోర్టు మళ్లీ తెరిస్తే కొత్త రేటుతో వస్తుంది, కట్టేసిన బిల్లుతో కలవదు. వెండరు, కెపాసిటీ, రేటు, ఏ తారీఖు నుంచి అమలు: ఈ నాలుగూ ఉన్న వేరే టేబుల్ కావాలి. రేటు పైసల్లో, ఇంటిజర్‌గా (పూర్ణాంకంగా) పెట్టండి, ఫ్లోట్ (దశాంశ సంఖ్య) వద్దు.

తర్వాత టైమ్. సర్వర్ యూటీసీలో (మన టైమ్ కన్నా 5:30 గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండి, నెలని కూడా యూటీసీ తారీఖుతోనే కోస్తే, జూన్ 1 తెల్లవారుజామున 2 గంటలకు వచ్చిన ట్యాంకరు మే 31 రాత్రి 8:30కి పడుతుంది, మే బిల్లులోకి పోతుంది. ట్యాంకర్లు అలాంటి వేళల్లోనూ రావచ్చు. దాచుకోవడం యూటీసీలోనే దాచుకోండి, నెల హద్దు మాత్రం 5:30 గంటలు కలిపి లెక్కకట్టండి.

ఇక డబుల్ ఎంట్రీ. నెట్ నెమ్మదిగా ఉంటే గార్డు సేవ్ మళ్లీ నొక్కుతాడు, ఒక ట్యాంకరు రెండవుతుంది. బటన్ డిజేబుల్ చేస్తే సరిపోదు: మొదటి రిక్వెస్టు సర్వర్‌కి చేరి, జవాబు మాత్రం దారిలో పోయే సందర్భం ఉంది కదా. ఫారం తెరవగానే ఫోన్‌లోనే ఓ యూయూఐడీ (మరో ఎంట్రీకి రాని ఐడీ) పుట్టించి, టేబుల్లో దాని మీద యూనీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువని రెండోసారి రానివ్వని నియమం) పెట్టండి. రెండోసారి వచ్చినదాన్ని డేటాబేసే ఆపేస్తుంది.

పోస్ట్‌గ్రెస్_వద్దులే:
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తా. ఇక ఎవరో ఒకరు వచ్చి "ఎస్‌క్యూలైట్ తీసేయండి" అంటారు, ముందే చెప్తున్నా, ఒక అపార్ట్‌మెంట్ గేటుకి అది చాలు. వాల్ మోడ్ (మార్పులు ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) ఆన్ చేసి, బిజీ టైమౌట్ (డేటాబేస్ ఖాళీ అయ్యేదాకా ఆగే సమయం) ఓ 5 సెకన్లు పెడితే రెండు గేట్ల నుంచి ఒకేసారి రాసినా "డేటాబేస్ ఈజ్ లాక్డ్" గొడవ దాదాపు రాదు. చూసుకోవాల్సింది టైపులు. ఇంటిజర్ అని రాసిన కాలమ్‌లో కూడా ఎస్‌క్యూలైట్ "12,000" అన్న టెక్స్ట్‌ని కామాతో సహా కిమ్మనకుండా దాచేస్తుంది. తర్వాత మొత్తం కూడితే లెక్క తప్పుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. 3.37 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ టేబుళ్లు (కాలమ్ టైపుకి సరిపోనిదాన్ని ఒప్పుకోనివి) ఉన్నాయి, కొత్త స్కీమా అలా రాస్తే ఇన్సర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

కోడ్ మొత్తం పారేయమనే వాళ్లు తరచూ "ది మిథికల్ మ్యాన్-మంత్" పుస్తకం రాసిన ఫ్రెడ్ బ్రూక్స్‌ని తెస్తారు. మొదట కట్టింది ఎలాగూ పారేయాల్సిందే, ముందే సిద్ధపడండి అని ఆయన 1975లో అన్నమాట నిజమే, 1995లో ఆయనే ఆ సలహా మరీ సులువుగా తేల్చేసినదని సవరించుకున్నారు. ఇద్దరే ఉన్న టీంకి ముక్కలుగా మార్చుకోవడమే నయం. రియాక్ట్ స్క్రీన్లు ఉంచండి, ఏపీఐ (స్క్రీన్లకూ డేటాబేస్‌కూ మధ్య ఉండే సర్వర్ కోడ్), టేబుళ్లు కొత్తగా రాయండి.

ఒక్కటి మాత్రం ఈరోజే చూడండి: డెమో సర్వర్‌లో ఫ్లాస్క్ డీబగ్ మోడ్ ఆన్‌లో ఉందా? ఎర్రర్ పేజీలోంచే సర్వర్ మీద పైథాన్ కోడ్ నడిపే కన్సోల్ అందులో ఉంటుంది. పిన్ అడ్డం ఉన్నా సరే, దాన్ని బయటి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకూడదు. డీబగ్ ఆపేసి, గునికార్న్ (అసలు వాడకానికి పనికొచ్చే పైథాన్ వెబ్ సర్వర్) వెనక పెట్టి, అప్పుడు లాగిన్ సంగతి చూడండి.

కాగితం_పెన్సిల్:
"గార్డు కొట్టగలడు" అని ఎలా తేలింది? డెమో కమిటీ హాల్లో ట్రెజరర్ ల్యాప్‌టాప్ మీద జరిగితే ఏమీ తేలనట్టే. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన "ఐదుగురితో టెస్ట్ చేస్తే చాలు" అందరికీ తెలుసు, కానీ అది ఒక రకం యూజర్లకు. గార్డులు ఒక రకం, ట్రెజరర్ ఇంకో రకం, విడిగా చూడాలి.

గేటు దగ్గరే, గార్డులు రోజూ వాడే ఫోన్ మీదే, రాత్రి షిఫ్టులో కూడా కూర్చోండి. ఇచ్చే పని ఒక్క వాక్యం: "ఇప్పుడే 12,000 లీటర్ల బండి వచ్చింది, రాయండి." తర్వాత నోరు మెదపకండి. వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి. బెంగళూరు గేట్లలో గార్డులు అస్సాం, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు, కాబట్టి కన్నడ లేబుళ్లు పెట్టేస్తే అయిపోయిందనుకోవద్దు. కెపాసిటీకి కీబోర్డు తీసేసి 6,000, 12,000 అని రెండు పెద్ద బటన్లు పెట్టండి. పైన చెప్పిన కామా బెడద కూడా దాంతోనే పోతుంది. వెండరు పేర్లూ అంతే, టైప్ చేయించారంటే ఒకే వెండరు నాలుగు స్పెల్లింగులతో దిగుతాడు.

హెచ్ఎస్ఆర్_బ్యాకెండ్:
డీబగ్ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే ఆపాను. థాంక్సండీ. ఎస్ఎంఎస్ ఒకటో తారీఖుకి అవుతుందా? డెమోలో కమిటీ వాళ్లు కొట్టిన ఎంట్రీలు కొత్త టేబుళ్లలోకి తేవాలా?

స్కీమా_పిచ్చి:
ఎస్ఎంఎస్ అవుతుందని మాటివ్వకండి. కోడ్ ఒక పూట పని, కానీ డీఎల్‌టీలో (సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌ల కోసం టెలికాం కంపెనీలు నడిపే రిజిస్ట్రేషన్ వ్యవస్థ) అసోసియేషన్ పేరు, హెడరు (పంపేవారి ఐడీ), మెసేజ్ టెంప్లేటు మూడూ రిజిస్టర్ అవ్వాలి, అది మన చేతిలో ఉండదు. పైగా కన్నడలోనో తెలుగులోనో పంపితే ఒక మెసేజ్‌కి 70 అక్షరాలే, ఇంగ్లీషుకైతే 160. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఒక చిన్న వాక్యం కూడా సులువుగా రెండు మెసేజ్‌ల ఖర్చవుతుంది. మొదటి విడతలో ఎస్ఎంఎస్ తీసేయండి, స్క్రీన్ మీద ఆ పాపప్ కూడా తీసేయండి. ఉంచితే నిజంగానే వెళ్తోందనుకుంటారు.

కమిటీకి చెప్పాల్సింది ఇంతే: ఒకటో తారీఖున ఒక గేటులో మొదలవుతుంది, ఆ నెలంతా కాగితం రిజిస్టరు ఆగదు, బిల్లు రిజిస్టరు ప్రకారమే కట్టండి. నెలాఖర్న రెండిటి తేడా చూసి, రెండో గేటు సంగతి నిర్ణయిద్దాం. "ఇంకా బ్యాకెండ్ పని ఉంది" అంటే వాళ్లకు స్క్రీనే కనిపిస్తుంది, పని కనిపించదు. రేటు మారిస్తే పాత బిల్లు ఎలా మారిపోతుందో డెమోలోనే చేసి చూపించండి, ట్రెజరర్ మీ తరఫున మాట్లాడతారు.

డెమో ఎంట్రీలు తేవొద్దు. వెండర్ల జాబితా, బండి నంబర్లు మాత్రం సీఎస్‌వీలోకి తీసి, ట్రెజరర్ చేత ఒకసారి చదివించి ఎక్కించండి. పాత డేటాబేస్ ఫైలు ఒక కాపీ పక్కన పడేసి, డెమో లింకు మూసేయండి. లేకపోతే సగం మంది గార్డులు పాత లింకులోనే కొడుతూ ఉంటారు.