ఆమె ప్రేమించింది, వీరుడు ప్రేమించలేదు: ఆ 'కాదు' అనే సీను ఎలా రాయాలి?

అటకమీది పుస్తకం:

ఫాంటసీ నవల ఒకటి రాస్తున్నాను. కోట వైద్యుడి కూతురు, పందొమ్మిదేళ్ల పిల్ల, సరిహద్దు నుంచి గాయాలతో వచ్చిన దళపతిని ప్రేమిస్తుంది. అతను ప్రేమించడు. వేరే ఎవరో ఉన్నారని కాదు, ఈ పిల్ల మీద అతనికి ఆ ఉద్దేశం కలగలేదు, అంతే. నవలలో వీళ్ల కథ ఒక వంతు. మిగతాదంతా యుద్ధం, మంత్రాలు, శాపం తగిలిన ఒక నది.

చదివి చెప్పమని ఇస్తే స్నేహితులు రెండు పార్టీలయ్యారు. ఒక పార్టీ "ఆ పిల్లని చంపెయ్, పీడా పోతుంది" అంటోంది. రెండోది "చివర్లో అతని మనసు మారాల్సిందే, లేకపోతే ఇంతసేపు మేం చదివింది ఎందుకు?" అంటోంది. నాకు రెండూ వద్దు.

అసలు చిక్కంతా తిరస్కారం సీను దగ్గర ఉంది. అతను మర్యాదగా మాట్లాడితే ప్రవచనం చెప్తున్నట్టుంది. కటువుగా మాట్లాడితే, ఇలాంటివాణ్ణి ఈ పిల్ల ఎందుకు ప్రేమించిందిరా బాబూ అనిపిస్తోంది. ఆమె ఏడిస్తే జాలి తప్ప ఇంకేం మిగలడం లేదు. ఏడవకపోతే బండరాయిలా ఉంది.

అందరూ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని ఎయోవిన్, ఆరగార్న్ పేర్లే చెప్తారని తెలుసు. ఎప్పుడో చదివాను, అదీ యుద్ధాల కోసం. ఆ ప్రేమ భాగాన్ని టోల్కీన్ ఎలా నడిపాడో గుర్తున్నవాళ్లు చెప్పండి. వేరే కథలున్నా సరే. "మనసు పెట్టి రాయండి" లాంటి సలహాలు మాత్రం వద్దు, దండం పెడతాను.

నలుపు సిరా:

ప్రూఫులు దిద్దుకుని బతికేదాన్నండీ. కళ్లు చెమర్చిన కథానాయికలు నా బల్ల మీదుగా చాలామంది వెళ్లారు. అందుకే ఎయోవిన్ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తుంటాను. ఆమె ప్రేమ గురించి టోల్కీన్ చెప్పింది చాలా తక్కువ, చేయించింది ఎక్కువ.

మొదటి సీను గుర్తు చేస్తాను. రోహాన్ రాజు థియోడెన్ కొలువు. ఆయన మేనకోడలు ఎయోవిన్ ప్రయాణమయ్యేవాళ్లకి పానపాత్ర అందిస్తుంది. ముందు మేనమామకి ఇస్తుంది, తర్వాత అతిథులకి. ఆరగార్న్ అనే యోధుడి ముందుకొచ్చేసరికి ఆగి అతన్నే చూస్తుంది, కళ్లు మెరుస్తుంటాయి. అతను నవ్వుతూ పాత్ర అందుకుంటాడు. చెయ్యి చెయ్యి తగులుతుంది. ఆ తాకిడికి ఆమె వణికిందని అతనికి తెలుస్తుంది. ఆమె అతని పేరు పలికి జయం చెబుతుంది. అతనూ బదులు చెబుతాడు గానీ ఈసారి మొహంలో నవ్వు లేదు, కలత ఉంది.

అంతే. పట్టుమని పది వాక్యాలు ఉండవు. కానీ ఇక్కడే సగం పని అయిపోయింది: ఆమె నోరు విప్పకముందే అతనికి తెలిసిపోయింది. ఇక అక్కడినుంచి అతని ప్రతి మాటా తెలిసినవాడి మాటే. మీ దళపతి తిరస్కరించే రోజునే మొదటిసారి ఆ సంగతి తెలుసుకుంటున్నాడేమో చూడండి. అలా అయితే అప్పటికప్పుడు సర్దిచెప్పుకోవాలి, ప్రవచనం రాక తప్పదు.

రెండోది డన్‌హారో అనే కొండ స్థావరం దగ్గర. అతను మృతుల దారిన వెళ్తున్నాడు, తిరిగొస్తాడని ఎవరికీ నమ్మకం లేదు. ఆమె తననూ తీసుకెళ్లమంటుంది. అతను ఆమె కర్తవ్యం గుర్తు చేస్తాడు. కర్తవ్యం మాట విని విని చాలైపోయిందంటుంది. దేనికి భయపడతావని అడిగితే, పంజరానికి అంటుంది. తనకి వేరే ఎవరో ఉన్నారని అతను నేరుగా చెప్పడు చూశారా. నా మనసున్న చోటికే వెళ్లగలిగితే ఈపాటికి ఉత్తరాన రివెండెల్ లోయలో తిరుగుతుండేవాణ్ణి, అంటాడు (అతను ప్రేమించిన ఆర్వెన్ ఉండేది అక్కడే). ఆమె కాసేపు మాట్లాడదు, ఆ మాటకి అర్థమేమిటా అని ఆలోచిస్తుంది. కాదనడం అక్కడే జరిగిపోయింది, కానీ ఆ మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇంకొకటి. 'ప్రేమ' అనే మాట ఆ సీనులో వస్తుంది, తన గురించి కాదు. అతని వెంట వెళ్తున్న అనుచరుల గురించి అంటుందామె: వాళ్లు నిన్ను విడిచి ఉండలేకే వస్తున్నారు, నిన్ను ప్రేమిస్తున్నారు కాబట్టి, అని. అనేసి చీకట్లోకి వెళ్లిపోతుంది. మర్నాడు పొద్దున్న రౌతు వేషంలో, కత్తి కట్టుకుని, చేతిలో మళ్లీ పానపాత్రతో వస్తుంది. తాను ఒక గుక్క తాగి అతనికిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని వేడుకుంటుంది. అతను కాదని, ఆమె చేతిని ముద్దుపెట్టుకుని, గుర్రమెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. అతని బాధ బాగా తెలిసిన దగ్గరివాళ్లకి మాత్రమే కనబడింది అంటాడు రచయిత. ఆమె వాళ్లు కనుమరుగయ్యేదాకా కదలకుండా నిలబడి, ఆ తర్వాత చూపులేనిదానిలా తడబడుతూ బసకి వెళ్తుంది. మీరడిగిన 'ఏడుపా, రాయా' అన్నదానికి జవాబు ఆ తడబాటు.

ఇవన్నీ పనిచేస్తున్నది ఎందుకంటే, ఆమెకి అతను కావాలి గానీ అతనొక్కడే కాదు కావలసింది. అన్న ఎయోమెర్‌కి గుర్రాలున్నాయి, యుద్ధాలున్నాయి. అంతే ధైర్యమున్న ఈమె, వార్మ్‌టంగ్ అనే ద్రోహి సలహాదారు మాటలు విని కుంగిపోయిన ముసలి మేనమామకి సేవ చేస్తూ కూర్చుంది. తర్వాత వైద్యశాలలో మాంత్రికుడు గాండాల్ఫ్ ఈ సంగతే ఎయోమెర్‌కి చెప్తాడు. నాలో ఆమె ప్రేమించింది ఒక నీడని, ఒక ఊహని, కీర్తి మీద ఆశని అని ఆరగార్న్ కూడా అంటాడు. మీ వైద్యుడి కూతురికి దళపతి కాకుండా ఇంకేం కావాలి? అది మీ పోస్టులో లేదు. అదే పెద్ద లోటు అనుకుంటున్నాను.

వేతాళ మిత్రుడు:

నలుపు సిరా గారు ఎయోవిన్ పక్షం, నాకు తెలుసు. సరే గానీ, చివరికి ఎయోవిన్‌కి, ఆ వైద్యశాలలోనే ఉన్న ఫారమిర్ అనే మరో సేనానితో పెళ్లి చేసేయడం ఓదార్పు బహుమతిలా లేదూ? పెద్దాయన కాదన్నాడు, పక్క గదిలో ఇంకొకాయన ఖాళీగా ఉన్నాడు, కానిచ్చేయండి అన్నట్టు. టోల్కీన్ మొదట్లో ఆరగార్న్‌కీ ఈమెకీ పెళ్లి చేయాలనే అనుకున్నాడు. తర్వాత అతను మరీ పెద్దవాడు, రాజసం ఎక్కువ, ఆ ప్రేమకథ కొట్టెయ్యాలి అని నోట్సులో రాసుకున్నాడు. ఒక దశలో ఈమెని చంపేసే ఆలోచన కూడా చేశాడు. ఆర్వెన్ అసలు తర్వాతెప్పుడో వచ్చి చేరింది. ఆ నోట్సుని ఆయన కొడుకు క్రిస్టఫర్ 1989లో అచ్చేశాడు. అంటే మన రచయిత గారి స్నేహితుల రెండు పార్టీలూ టోల్కీన్ బుర్రలో కూడా ఉన్నాయన్నమాట.

నా ఓటు ఎలేన్‌కి. 1485లో అచ్చయిన మాలరీ ఆర్థర్ కథల్లోది. ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు లాన్సిలాట్ తనెవరో తెలియనివ్వకుండా పోటీకి వెళ్తూ ఆస్టొలాట్‌లో, ఎలేన్ వాళ్లింట్లో దిగుతాడు. ముత్యాలు కుట్టిన ఎర్ర అంగీ చెయ్యి (స్లీవ్) ఇచ్చి, శిరస్త్రాణం మీద కట్టుకోమంటుంది ఎలేన్. అతను ఏ స్త్రీ గుర్తునీ ఎప్పుడూ ధరించినవాడు కాదు. అందుకే ఒప్పుకుంటాడు! ఇది కట్టుకుంటే నన్నెవరూ పోల్చుకోరు అని. ఆమెకి అది ప్రేమ, అతనికి మారువేషం. పాపం పిల్ల.

తర్వాత గాయపడితే ఆమే సేవ చేసి బతికిస్తుంది (మీ కథే ఇది). పెళ్లి చేసుకోమంటుంది. చేసుకోనంటాడు. పోనీ పెళ్లి లేకుండానైనా అంటుంది. అదీ కాదంటాడు. చివరికి, నువ్వు ఏ మంచి వీరుణ్ణయినా చేసుకుంటే ఏడాదికి వెయ్యి పౌండ్లు ఇస్తానంటాడు. కృతజ్ఞత ఉంది, ఉదారంగానే ఇస్తున్నాడు, కానీ ఆ అంకె ఎంత చేదుగా ఉందో చూడండి. కటువుగా ఒక్క మాట అనలేదు, అయినా మనకి గుచ్చుకుంటుంది. ప్రవచనం లేకుండా కాదనడం అంటే ఇదీ.

పద్యాల పిచ్చి:

వీరుడు కాదు గానీ, ప్రవరుణ్ణి మర్చిపోతే ఎలాగండీ? పాదలేపం పూసుకుని క్షణంలో హిమాలయాలకి ఎగిరిపోయాడు, ఆ లేపం మంచుకి కరిగిపోయి ఇరుక్కుపోయాడు. ఇంతకన్నా ఫాంటసీ ఏముంది?

రెండు సంగతులు మనుచరిత్ర నుంచి మీకు పనికొస్తాయి. వరూధిని మీద పడబోతే ప్రవరుడు మొహం పక్కకి తిప్పుకుని, భుజాలు పట్టుకుని తోసేస్తాడు. అప్పుడామె ఏడుస్తుంది. ప్రేమ దక్కలేదని కాదు, నీ గోరు గీరుకుంది, నెప్పి పుడుతోంది చూడు అని ఆ నెపం పెట్టుకుని ఏడుస్తుంది. ఏడవనివ్వండి, కానీ వేరే సాకు ఇవ్వండి. పెద్దన చేసిన పని అదే.

రెండోది మీ 'మనసు మారాలి' పార్టీ గురించి. ప్రవరుడు వెళ్లిపోయాక అంతకుముందే వరూధిని కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆమె కోరిక తీరింది. ఆ రూపం దక్కింది, మనిషి దక్కలేదు, ఆ సంగతి ఆమెకి తెలియదు. మీ ఫ్రెండ్స్ అడిగింది ఇచ్చేసి, వాళ్లు అడిగినందుకు బాధపడేలా చేయొచ్చు. మీ నవలలో మంత్రాలున్నాయి కదా, ఆలోచించండి.

నలుపు సిరా:

వేతాళ మిత్రుడు గారూ, ఓదార్పు బహుమతి అని అంత తేలిగ్గా తోసేయకండి. ఫారమిర్ ఆమెకి తియ్యటి మాటలు చెప్పలేదు. నీకు ఆరగార్న్ ప్రేమ కావాలనిపించింది, ఎందుకంటే అతను గొప్పవాడు, నీకు కీర్తి కావాలి, కుర్ర సైనికుడు మహా సేనానిని చూసినట్టు చూశావు, అతను అర్థం చేసుకుని జాలిపడేసరికి నీకు చావు తప్ప ఇంకేమీ వద్దనిపించింది, అని మొహం మీద చెప్తాడు. ఆమెని అంత సరిగ్గా చదివినవాడు ఆ పుస్తకంలో మరొకడు లేడు. మరీ తొందరగా అయిపోయిందన్న విమర్శకి టోల్కీనే తర్వాత ఒక ఉత్తరంలో జవాబు రాశాడు: తీవ్రమైన ఒత్తిడి రోజుల్లో, చావు ఎదురుగా ఉన్నప్పుడు, మనసులు తొందరగా పండుతాయని. ఆరగార్న్ మీద ఆమె భావాలు పెద్దగా మారలేదనీ అందులోనే అన్నాడు.

ఇక 'చంపెయ్' పార్టీకి ఒక మాట. టోల్కీన్‌దే ఇంకో పుస్తకం సిల్మరిలియన్‌లో ఫిందుయిలాస్ ఉంది, నార్గొత్రొండ్ రాజు కూతురు. తనను ప్రేమిస్తున్న గ్విందోర్‌ని కాదని తూరిన్ అనే యోధుణ్ణి ప్రేమించింది. అతనికి ఆ ధ్యాసే లేదు. కోట పడిపోయిన రోజు డ్రాగన్ కళ్లలోకి చూసి తూరిన్ కొయ్యబారిపోతే, బందీలతో పాటు ఆమెని అతని ఎదురుగానే ఈడ్చుకుపోయారు. పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. తర్వాత ఆమెని ఈటెతో చెట్టుకి గుచ్చేశారు. ఇక్కడున్నానని అతనికి చెప్పమని చనిపోయింది. ఆ చావు తూరిన్‌ని వదల్లేదు, మిగతా కథంతా వెంటాడింది. చంపితే అలా చంపాలి. పక్కకి తప్పించడానికి చంపితే చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

అటకమీది పుస్తకం:

అందరికీ చాలా థాంక్సండీ. నలుపు సిరా గారి ప్రశ్నకి జవాబు ఆలోచిస్తే నా దగ్గర లేదు, నిజం. ఆ పిల్లకి కోట దాటి వెళ్లాలని ఉందనుకుంటాను. సరిహద్దు గురించి అతన్ని అడుగుతూనే ఉంటుంది, అది నేను పాతిక పేజీలు రాసి కూడా కబుర్లనే అనుకున్నాను. తిరస్కారాన్ని అతని కుట్లు విప్పే సీనులోకి మార్చేస్తున్నాను. చేతులు పనిలో ఉంటాయి, అతను కదలకూడదు, ఆమె తలెత్తకూడదు. అతనికి ముందే తెలుసన్నది ఎక్కడ పెట్టమంటారు?

నలుపు సిరా:

మొదటిసారి కట్టు మార్చేటప్పుడు. ఒక్క వాక్యం చాలు, అదీ అతను చేసే పనిగా. ఆ మర్నాటి నుంచి కట్టు మార్చడానికి ఆమెని కాకుండా ఆమె తండ్రిని పిలిపించుకున్నాడనుకోండి, చదివేవాళ్లకి అర్థమైపోతుంది. ఆమెకి కాస్త ఆలస్యంగా అర్థమవుతుంది.

వేతాళ మిత్రుడు:

తండ్రిని పిలిపించడం బాగుంది, ఒప్పుకున్నాను. ఫారమిర్ సంగతి మాత్రం ఒప్పుకోను. ఎయోవిన్ చివర్లో కత్తి పక్కనపెట్టి, ఇక వైద్యం చేస్తాను, మొలకెత్తే వాటన్నిటినీ ప్రేమిస్తానంటుంది. యుద్ధం నుంచి మందులకి వచ్చింది. మీ పిల్ల మందుల దగ్గరే మొదలైంది కాబట్టి ఆమెకి ఆ దారి లేదు. కుట్లు విప్పేశాక అతను తిరిగి సరిహద్దుకి వెళ్తాడు, సైన్యానికి వైద్యుడు కావాలి, తండ్రి ముసలివాడు. ఆమె వెళ్తుందా? వెళ్తే అతని కోసమేనని కోటంతా అనుకుంటుంది. కాదని ఆమెకి తెలుసు, కానీ పూర్తిగా కాదని కూడా తెలుసు. మీ నవల రెండో భాగం అక్కడుంది. ఆ నది శాపం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.